కొత్తిమీర కట్టకీ కారు తీయాల్సిందేనా? అమెరికా శివార్ల రూల్స్, నడిచే పేటల లెక్క

క్లుప్తంగా: అమెరికా శివార్లు అంత దూరదూరంగా పరుచుకోవడానికి జనం ఇష్టాయిష్టాల కంటే జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే రూల్స్), పార్కింగ్, రోడ్డు, ఇంటి అప్పు నిబంధనలే పెద్ద కారణం. ఇల్లు, బడి, కొట్టు నడిచే దూరంలో ఉండే పాతకాలపు పేటల్ని మళ్లీ కట్టాలన్న ప్రయత్నం 1980ల నుంచి సాగుతోంది. అలా కట్టిన చోట్లకు గిరాకీ బాగానే వచ్చింది, ధరలూ పెరిగాయి. టెక్సస్‌లో 2025 సెప్టెంబరు నుంచి అమలవుతున్న రెండు చట్టాలతో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే శివార్లలో ఈ విషయం మళ్లీ చర్చకొచ్చింది.

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో 2000 జనాభా లెక్కల నాటికి ఉన్నది సుమారు 33,700 మంది. 2020 నాటికి ఆ సంఖ్య 2 లక్షలు దాటింది. ఆ పెరుగుదలలో తెలుగు కుటుంబాల వాటా చిన్నదేమీ కాదు. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మానాన్నలకు అక్కడ మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైపోతుంది. పిల్లలు ఆఫీసుకు వెళ్లాక ఇల్లు కదిలే దారి లేదు. ఫుట్‌పాత్ ఉంటుంది, శుభ్రంగానే ఉంటుంది. దాని మీద ఎంత నడిచినా మరో ఇల్లు, ఇంకో ఇల్లు, చివరికి ఆరు లేన్ల రోడ్డు. ఇండియన్ స్టోర్ ఆ రోడ్డుకు అవతలెక్కడో, క్రికెట్ గ్రౌండంత పార్కింగ్ వెనకాల ఉంటుంది.

అమెరికన్లకు కారు మోజు అని దీన్ని తేల్చేయడం మామూలే. మోజు లేకపోలేదు. కానీ ఆ స్టోర్‌ను ఇళ్ల మధ్య పెడతానని ఎవరైనా ముందుకొచ్చినా చాలా ఊళ్లలో పర్మిషన్ రాదు. జనం ఏం కోరుకుంటారన్నది ఆ తర్వాతి మాట.

## కలిపి కట్టడం ఎప్పుడు నేరమైంది

ఒహాయోలోని యూక్లిడ్ అనే గ్రామం తన భూమిని వాడకాన్ని బట్టి విడగొట్టింది. ఒకచోట విడి ఇళ్లే, ఇంకోచోట అపార్ట్‌మెంట్లు, మరోచోట ఫ్యాక్టరీలు. దీనిపై ఆంబ్లర్ రియాల్టీ అనే సంస్థ కోర్టుకెక్కింది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు గ్రామం పక్షానే తీర్పిచ్చింది. విడి ఇళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంటు చాలాసార్లు పరాన్నజీవి లాంటిదని అందులో రాసింది కూడా. ఫ్యాక్టరీ పొగ ఇళ్ల మీదికి రాకూడదన్న ఆలోచన సబబైనదే. అదే రూలు బేకరీకీ, మంగలి షాపుకీ, కొట్టు పైన అద్దెకుండే కుటుంబానికీ వర్తించేసరికి పేట అనేదే చట్టవిరుద్ధమైపోయింది.

తర్వాత డబ్బు వంతు వచ్చింది. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇంటి అప్పులకు హామీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ హామీ దక్కాలంటే ఇల్లూ వీధీ దాని ప్రమాణాలకు తూగాలి. 1930ల చివర్లో ఆ సంస్థ వేసిన మార్గదర్శకాల్లో గళ్లుగళ్లుగా కలిసే వీధుల బొమ్మ కింద ‘బ్యాడ్’ అని, వంపులు తిరిగి కల్-డి-సాక్‌లో, అంటే అవతలికి దారిలేని చివరలో, ఆగిపోయే వీధుల బొమ్మ కింద ‘గుడ్’ అని ఉండేది. బిల్డరు ఏది వేస్తాడో వేరే చెప్పక్కర్లేదు. నల్లజాతి కుటుంబాలుండే పేటలకు ఈ హామీ దాదాపు దక్కలేదు. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం దాకా ఇళ్ల అమ్మకాల్లో ఆ వివక్ష బాహాటంగానే నడిచింది. శివారు ఎవరికి, నగరం ఎవరికి అన్న పంపకం అప్పుడే జరిగిపోయింది.

1944లో మాజీ సైనికులకు చవక అప్పులు, 1947 నుంచి న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో ఒకే మూసలో పోసినట్టు 17,000 పైచిలుకు ఇళ్లు, 1956లో 41,000 మైళ్ల ఇంటర్‌స్టేట్ హైవేలకు 90 శాతం ఫెడరల్ సొమ్ము. వీటి గురించి చాలామందికి తెలిసిందే. అంతగా చర్చకు రానిది పార్కింగ్.

## ప్లాన్ గీసేది పార్కింగే

చాలా అమెరికన్ ఊళ్లలో రెస్టారెంటు పెట్టాలంటే ప్రతి వెయ్యి చదరపు అడుగులకు పది కార్ల జాగా చూపించాలన్న రూలు ఉండేది. ఇప్పటికీ చాలాచోట్ల ఉంది. కారు మళ్లే దారితో కలిపితే ఒక్కో కారుకు 300 చదరపు అడుగులకు పైనే పడుతుంది. అంటే వెయ్యి అడుగుల టిఫిన్ సెంటరుకు మూడు వేల అడుగుల తారు. పైన రెండు ఫ్లాట్లు వేస్తే వాటికి మళ్లీ వేరే. పాత ఊళ్లలో పది గజాల ముఖంతో వరసగా కొట్లుండే బజారు వీధిని ఈ లెక్కలో ఎవరూ ఇమడ్చలేరు. జోనింగ్ ఒప్పుకున్నా స్థలం ఒప్పుకోదు.

ఈ రూలు వల్ల కారు లేనివాళ్లు కూడా పార్కింగ్ ఖర్చును దోసె రేటులో, ఇంటి అద్దెలో కలిపి కడుతున్నారని వాదించి, దాన్ని ప్లానర్ల ముందుకు తెచ్చినవాడు లాస్ ఏంజెలెస్ ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్. బఫెలో 2017లో, మిన్నియాపోలిస్ 2021లో, ఆస్టిన్ 2023లో పార్కింగ్ కనీస పరిమితులను ఎత్తేశాయి. అలాగని పార్కింగ్‌ను నిషేధించలేదు. ఎంత కావాలో కట్టేవాడికి వదిలేశాయి. ఈ తేడా వార్తల్లో తరచూ మాయమవుతుంది.

హ్యూస్టన్ సంగతి ఇక్కడ బాగా పనికొస్తుంది. అక్కడ జోనింగే లేదు, అయినా ఊరు కిలోమీటర్ల కొద్దీ పరుచుకుంది కదా, మరి రూల్స్‌ను ఎందుకు తిట్టడం అని అడిగేవాళ్లున్నారు. జోనింగ్ లేదన్న మాట నిజమే. అయితే పార్కింగ్ రూలు ఉంది, ఇంటి ప్లాటు కనీసం ఇంత ఉండాలన్న రూలూ ఉండేది. 1990ల చివర్లో ఊరి నడిబొడ్డు చుట్టూ తిరిగే 610 లూప్ రోడ్డు లోపల ఆ కనీస సైజును 5,000 చదరపు అడుగుల నుంచి షరతులతో 1,400కు తగ్గించారు. మన లెక్కలో 555 గజాల నుంచి 155 గజాలకు. ఆ తర్వాత పాత ఇల్లు పడగొట్టిన జాగాలో మూడు నాలుగు టౌన్‌హౌస్‌లు (గోడకు గోడ ఆనుకుని వరసగా ఉండే ఇళ్లు) లేవడం మొదలైంది. జనం అభిరుచి రాత్రికి రాత్రి మారిపోలేదు. మారింది రూలు.

## దగ్గర ఎలా దూరమైంది

కల్-డి-సాక్ కాలనీలో వెనకింటివాళ్లతో గోడ ఒకటే అయినా, వాళ్ల గుమ్మం దాకా వెళ్లాలంటే కాలనీ గేటు దాటి, మెయిన్ రోడ్డెక్కి, పక్క కాలనీ గేటులోంచి లోపలికి రావాలి. ప్రతి ప్రయాణమూ అదే మెయిన్ రోడ్డు మీద పడుతుంది కాబట్టి అది ఇరుకవుతుంది. ఇరుకైందని వెడల్పు చేస్తారు, వెడల్పు చేశాక నడిచి దాటలేరు. గళ్ల వీధుల్లో ఒక దారి మూసేసినా ఇంకో నాలుగుంటాయి, ట్రాఫిక్ చెదిరిపోతుంది.

బడుల విషయంలోనూ ఇదే జరిగింది. అమెరికాలో చాలాకాలం చెల్లుబాటైన ఒక ప్రమాణం ప్రకారం ఎలిమెంటరీ స్కూలుకు 10 ఎకరాలు, ఆపైన ప్రతి వంద మంది పిల్లలకు ఇంకో ఎకరం ఉండాలి. అంత జాగా ఊరి మధ్యలో ఎక్కడ దొరుకుతుంది? బడి ఊరవతలికి వెళ్లింది. 1969లో బడికి నడిచో సైకిల్ తొక్కో వెళ్లే చిన్న తరగతుల పిల్లలు సుమారు 48 శాతం. 2009కి అది 13 శాతానికి పడిపోయింది. పసుపు బస్సు, కార్‌పూల్ లైన్, సాయంత్రం మూడింటికి తల్లిదండ్రుల టెన్షన్ అన్నీ ఈ ఎకరాల లెక్కలోంచి కూడా వచ్చినవే.

## పాత పేటను కొత్తగా కట్టినవాళ్లు

1980ల మొదట్లో ఫ్లోరిడా సముద్రతీరంలో రాబర్ట్ డేవిస్ అనే డెవలపర్‌కు వారసత్వంగా వచ్చిన 80 ఎకరాలున్నాయి. అందరిలా రిసార్టు కట్టకుండా చిన్న ఊరు కట్టాలనుకున్నాడు. ఆండ్రెస్ డువానీ, ఎలిజబెత్ ప్లేటర్-జైబర్క్ అనే ఆర్కిటెక్ట్ దంపతులు ప్లాన్ గీశారు. అదే సీసైడ్. దాని నిర్మాణ నిబంధనలన్నీ ఒక్క పెద్ద కాగితం మీద పట్టాయి. ఇంటి ముందు అరుగు లాంటి పోర్చ్ ఉండాలి, వీధికీ ఇంటికీ మధ్య దూరం తక్కువుండాలి, వీధులన్నీ సముద్రం వైపో ఊరి నడిబొడ్డుకో తేలాలి. ఇదంతా సాధ్యమవడానికి ఒక కారణం, ఆ కౌంటీలో అప్పటికి జోనింగ్ లేకపోవడం. వేరేచోటైతే ఫైలు మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోయేది.

సీసైడ్ సెలవుల ఊరు. నిజమైన పరీక్ష మేరీల్యాండ్‌లోని గెయిథర్స్‌బర్గ్ దగ్గర జరిగింది. 1988లో అక్కడి సుమారు 350 ఎకరాల కెంట్‌ల్యాండ్స్ పొలాన్ని ఇదే జంట పేటగా గీసింది. ఆఫీసులో కూర్చుని గీసి పంపలేదు. ఆర్కిటెక్టులు, అధికారులు, ఇరుగుపొరుగు వాళ్లు అక్కడే కొన్ని రోజులు కూర్చుని, బొమ్మలు గీస్తూ, దిద్దుతూ తేల్చారు. ఒకే వీధిలో పెద్ద ఇల్లు, దాని పక్కన టౌన్‌హౌస్, గ్యారేజీ వెనక సందులోకి పోయి దాని మీద ఒక చిన్న అద్దె పోర్షన్. వేరువేరు ఆదాయాలవాళ్లు ఒకే వీధిలో ఉండొచ్చన్నది అసలు ఉద్దేశం. 1990ల మొదట్లో రియల్ ఎస్టేట్ పడిపోయి ప్రాజెక్టు బ్యాంకు చేతికి వెళ్లినా, ప్లాన్ మాత్రం నిలిచింది.

ఇలాంటి వాళ్లంతా కలిసి 1993లో కాంగ్రెస్ ఫర్ ది న్యూ అర్బనిజం అనే వేదిక పెట్టుకున్నారు. 1996లో డిస్నీ సంస్థ ఆర్లాండో పక్కన సెలబ్రేషన్‌లో జనాన్ని దించడంతో ఈ ఆలోచన టీవీ వార్తలకెక్కింది. దాంతో ఒక నష్టం కూడా జరిగింది. తెల్ల కంచె, పాతకాలపు కిటికీ, రంగురంగుల గోడలే న్యూ అర్బనిజం అనుకునేవాళ్లు తయారయ్యారు. చాలామంది బిల్డర్లు ముఖాలు కాపీ కొట్టి, కల్-డి-సాక్‌ను అలాగే ఉంచి, బ్రోషర్‌లో ‘విలేజ్’ అని వేసేశారు. కిటికీ డిజైన్ ఈ మొత్తంలో అన్నిటికన్నా తక్కువ ముఖ్యమైన అంశం.

## కొట్టు బతకాలంటే ఎన్ని గడపలు

ముఖ్యమైనది ఒక చిన్న లెక్క. అయిదు నిమిషాల నడకంటే దాదాపు పావు మైలు, 400 మీటర్లు. క్లారెన్స్ పెర్రీ అనే ప్లానర్ 1929లోనే పేటకు కొలతగా తీసుకున్నది ఈ పావు మైలునే. 400 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే లోపల సుమారు 125 ఎకరాలు వస్తాయి. ఒక మూల కొట్టు బతకడానికి దాదాపు వెయ్యి కుటుంబాలు కావాలని రిటైల్ ప్లానర్లు చెప్పే ఉజ్జాయింపు.

పావు ఎకరం ప్లాట్ల శివారులో ఒక్కో ఇంటికి 1,210 గజాలు. రోడ్లు, పార్కులు పోగా ఎకరాకు మూడు ఇళ్లు పడతాయనుకుంటే, 125 ఎకరాల్లో 375 ఇళ్లు. కొట్టు మూతపడుతుంది. మూతపడుతుందని తెలుసు కాబట్టి ఎవరూ పెట్టరు. వెయ్యి గడపలు రావాలంటే ఎకరాకు ఎనిమిది కావాలి. ఇదేమీ ఆకాశహర్మ్యాల లెక్క కాదు. మూడో వంతుకు పైగా రోడ్లకూ పార్కులకూ వదిలేసినా సగటున 370 గజాల ప్లాటు వస్తుంది. వరంగల్‌లోనో గుంటూరులోనో అది పెద్ద ప్లాటు కిందే లెక్క. కొన్ని 600 గజాల ఇళ్లు, కొన్ని 150 గజాల టౌన్‌హౌస్‌లు, నడిమధ్యలో మూడంతస్తుల ఫ్లాట్లు కలిపితే ఎకరాకు ఎనిమిది గడపలు దాటిపోతాయి కూడా.

వృత్తాన్ని పెద్దది చేసి పది నిమిషాల నడక తీసుకుంటే సరిపోదా? కాగితం మీద సరిపోతుంది. విస్తీర్ణం నాలుగింతలై 500 ఎకరాల్లో 1,500 ఇళ్లొస్తాయి. కానీ వంకర వీధుల కాలనీలో ఆ వృత్తంలో చాలా ఇళ్ల నుంచి పది నిమిషాల్లో నడిచి రాలేరు. వీధులు కలవకపోతే సాంద్రత ఉన్నా ప్రయోజనం లేదు, వీధులు కలిసినా సాంద్రత లేకపోతే అంతే.

దీని మీద కారు పోటీ ఒకటి. వారానికోసారి కాస్ట్‌కో లాంటి పెద్ద టోకు స్టోర్‌లో బండి నింపుకొనేవాళ్లు మూల కొట్టులో కొనేది పాలు, బ్రెడ్డు. అందుకే కెంట్‌ల్యాండ్స్‌లో పెద్ద దుకాణాలు పేట నడుమ కాకుండా పెద్ద రోడ్ల వైపు అంచున పడ్డాయి. బయటి కార్ల గిరాకీ కూడా కలిస్తేనే వాటికి గిట్టుబాటు. ఆదర్శానికి ఇది కొంత దూరమే, అయినా నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి.

## ఎక్కడ తడబడింది

మొదటి చిక్కు ధర. నడిచే పేటలు అరుదు కాబట్టి వాటి కోసం జనం ఎక్కువ ఇస్తారు. సీసైడ్‌లో ఇళ్లు ఇప్పుడు కోటీశ్వరుల సెలవుల ఇళ్లు. ఇంకా చాలా కడితే ధర దిగుతుందన్నది సమర్థకుల వాదన. దీర్ఘకాలంలో అది నిజం కావచ్చు. ఈ ఏడాది అద్దె కట్టలేక వెళ్లిపోయే కుటుంబానికి మాత్రం అది జవాబు కాదు.

రెండోది, వీటిలో చాలావాటిని ఊరికి దూరంగా పొలాల్లోనే కట్టారు. పేట లోపల నడక బాగుంటుంది, ఆఫీసుకు మాత్రం హైవే మీద నలభై నిమిషాలు. రైలు దగ్గర కట్టినవాటికి ఈ ఇబ్బంది తక్కువ. అరిజోనాలోని టెంపీలో లైట్ రైల్ స్టాప్ పక్కన 17 ఎకరాల్లో కట్టిన, పేరు కూడా ‘కల్‌డిసాక్’ అయిన పేటలో నివాసులకు పార్కింగే లేదు. 2023లో మొదటివాళ్లు దిగారు. వేసవిలో 43 డిగ్రీలు దాటే ఊళ్లో ఇళ్లను దగ్గరగా జరిపి, మధ్య సందుల్లో నీడ పడేలా కట్టారు. ఎండల వల్ల మనకిది కుదరదనే వాదన వినిపించేచోట ఈ ఉదాహరణ చూడదగ్గది.

ఊరి చుట్టూ గిరి గీయడం వేరే మార్గం. ఆరెగన్ రాష్ట్రం 1973 చట్టంతో ప్రతి నగరానికీ విస్తరణ సరిహద్దు పెట్టించింది. అది పొలాలను కాపాడింది. గిరి లోపల మాత్రం విడి ఇళ్ల జోనింగ్ చాలాచోట్ల అలాగే మిగిలింది. చివరికి 2019లో మరో చట్టం చేసి పెద్ద నగరాల్లో ఒక్కో ప్లాటులో రెండు నుంచి నాలుగు ఇళ్లకు అనుమతించాల్సి వచ్చింది.

మధ్యలో, కావలసినవన్నీ పావుగంట దూరంలో ఉండాలనే ‘15 నిమిషాల నగరం’ అన్న మాట మీద 2023లో పుకార్లు లేచాయి, జనాన్ని పేట దాటనివ్వరట అని. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ట్రాఫిక్ ఫిల్టర్ల (కొన్ని రోడ్లలో కార్ల రాకపోకలకు పరిమితి) ప్రతిపాదనను ఈ ఆలోచనతో కలగలిపేయడం వల్ల వచ్చిన గొడవ అది. కొట్టును దగ్గరికి తేవడానికీ, మనిషిని కట్టడి చేయడానికీ సంబంధం లేదు.

## హైదరాబాద్ అంచుల్లో తిరగబడిన లెక్క

అమెరికా శివారుకు సాంద్రత లేదు. హైదరాబాద్ అంచులకు ఆ కొరత లేదు. 2006లో అక్కడ ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశారు. ఇప్పుడు కోకాపేట, నార్సింగి వైపు ఒక్కో గేటెడ్ కమ్యూనిటీలోనే వెయ్యికి మించి గడపలున్నాయి. కొట్టు లెక్క ఒక్క కాంపౌండులోనే తేలిపోతుంది. కొరత వీధులది. కాంపౌండు గోడలు ఎకరాలకు ఎకరాలు అడ్డంగా ఉంటాయి, బయటికి ఒకటో రెండో గేట్లు, గేటు దాటితే ఫుట్‌పాత్ లేని సర్వీస్ రోడ్డు. లోపల వాకింగ్ ట్రాక్ మీద పది రౌండ్లు కొట్టొచ్చు, ఎదురు టవర్‌లో స్నేహితుడి ఇంటికి నడిచి వెళ్లడం మాత్రం సాహసం.

దీనికి భిన్నమైన నమూనా అదే నగరంలో ఉంది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ (తక్కువ, మధ్య, ఎక్కువ ఆదాయాలవాళ్ల) ఇళ్లు కలిసిన వీధుల మధ్యే వచ్చాయి. కింద కొట్టు, పైన ఇల్లు అన్నది తర్వాత జనమే చేసుకున్నారు. ఇరుకు, పార్కింగ్ గొడవలు, ఫుట్‌పాత్ మీద బళ్లు అన్నీ ఉన్నాయి. అయినా కూరగాయలకు అక్కడ ఎవరూ కారు తీయరు. అమరావతి మాస్టర్ ప్లాన్‌లో 5-10-15 సూత్రం రాసుకున్నారు: అయిదు నిమిషాల్లో అత్యవసర సేవలు, పది నిమిషాల్లో బడి లాంటి సామాజిక వసతులు, పదిహేనులో పని చోటు. సూత్రం బాగుంది. పెద్ద పెద్ద ప్లాట్లను సంస్థలకు మొత్తంగా ఇచ్చేచోట, వాటి గోడల మధ్య నుంచి నడక దారి వదలమనే షరతు ఉందా లేదా అన్నదే దాని అసలు పరీక్ష.

## టెక్సస్ చట్టాలు ఏం మారుస్తాయి

2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉన్న సెనేట్ బిల్ 15 ప్రకారం, పెద్ద కౌంటీల్లోని లక్షన్నర జనాభా దాటిన నగరాలు, ఇంకా ప్లాట్లు వేయని, 5 ఎకరాలు లేదా అంతకు మించిన విడి ఇళ్ల స్థలాల్లో ప్లాటు 3,000 చదరపు అడుగుల కంటే పెద్దదిగా ఉండాలని పట్టుబట్టలేవు. అంటే 333 గజాలు. పైన వచ్చిన 370 కంటే తక్కువే, కాబట్టి మూల కొట్టుకు కావలసిన గడపలు చట్టబద్ధంగా సాధ్యమయ్యాయి. సెనేట్ బిల్ 840 ఇదే స్థాయి నగరాల్లో ఆఫీసు, షాపింగ్ జోన్లలో అపార్ట్‌మెంట్లకు, కింద కొట్లు పైన ఇళ్లకు విడిగా జోనింగ్ మార్పు అడగకుండానే దారి తెరిచింది. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ మూడూ ఈ పరిధిలోకి వస్తాయి.

ఇప్పటికే ప్లాట్లు పడిన కాలనీల జోలికి మొదటి చట్టం వెళ్లదు. మార్పు కనిపిస్తే ముందు కనిపించేది సగం ఖాళీగా పడున్న షాపింగ్ ప్లాజాల్లో, ఆఫీస్ పార్కుల్లో. కొలరాడోలోని లేక్‌వుడ్‌లో పాత మాల్‌ను పడగొట్టి, సుమారు 100 ఎకరాల్లో 20కి పైగా బ్లాకుల వీధులు వేసి 2004లో తెరిచిన బెల్మార్ ఇలాంటి పనికి పాత ఉదాహరణ. అక్కడ ముందు వీధులు గీశారు, తర్వాత ఇళ్లు, కొట్లు వచ్చాయి. టెక్సస్ చట్టాలు ఇళ్ల సంఖ్య మీద, ప్లాటు సైజు మీద మాట్లాడతాయి గానీ, వీధులు పక్క కాలనీతో కలవాలని చెప్పవు. ప్లాజా పార్కింగ్‌లో నాలుగు వందల ఫ్లాట్లు వేసి, చుట్టూ కంచె కట్టి, ఒకే గేటు పెట్టినా చట్టానికి అభ్యంతరం లేదు.

అందుకే కొత్త ప్రాజెక్టు గురించి సిటీ పబ్లిక్ హియరింగ్ జరిగినప్పుడు అడగాల్సినవి మూడు. బ్లాకు ఒక మూల నుంచి ఇంకో మూలకు ఎన్ని అడుగులు? పక్క స్థలంలోకి ఎన్ని చోట్ల వీధి గానీ నడక దారి గానీ తెరుచుకుంటుంది? మెయిన్ రోడ్డు దాటడానికి సిగ్నల్ ఎంత దూరంలో ఉంది? ఈ మూడింటికీ జవాబు సాధారణంగా సైట్ ప్లాన్ మొదటి రెండు షీట్లలోనే దొరుకుతుంది. బిల్డింగ్ ముఖచిత్రాలున్న రంగుల షీట్లు ఆ తర్వాత వస్తాయి.